మొదటి పాట లేని ఏడాది

సామేలుకు సిరిసిల్లలో ఎవరో ఉన్నారన్న మాట ముందు ఎవరి నోట పుట్టిందో ఇప్పుడు అడిగితే సందులో ఒక్కరూ ఒప్పుకోరు. పాల ప్యాకెట్ల దగ్గర విన్నామని ఒకరంటారు, బీడీల కార్ఖానాలో కట్టలు అప్పజెప్పే వరుసలో విన్నామని ఇంకొకరంటారు. విన్నవాళ్లే గానీ అన్నవాళ్లు లేరు. అయినా ఆ మాటకు కాళ్లూ చేతులూ బాగానే వచ్చాయి. ఆమెది ఆకుపచ్చ గేటున్న ఇల్లట. మనిషి కొంచెం పొట్టి అట గానీ మంచి రంగట. సామేలు పోయినప్పుడల్లా కోరుట్ల నుంచి జామకాయలు పట్టుకుపోతాడట. ఇంత తెలిసిన వాళ్లకు ఆమె పేరు మాత్రం తెలియలేదు. పేరు లేకపోవడమే పెద్ద రుజువని కూడా అన్నారు.

ఆ మాట తప్పు. సిరిసిల్లలో ఒక మనిషి ఉన్న సంగతి నిజం, జామకాయల సంగతీ నిజం. కానీ ఆ మనిషి పొట్టి కాదు, రంగూ కాదు, అసలు ఆడమనిషే కాదు. ఇంతమంది నోళ్లలో పడి నలిగిన సంగతిని సరిగ్గా చెప్పుకోవాలంటే సామేలు చాయ్ హోటల్ దగ్గర, పాటల దగ్గర మొదలుపెట్టాలి.

కోరుట్ల బస్టాండు వెనుక సందు మొదట్లో ఉంటుంది ఆ హోటల్. హోటల్ అంటే రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక గ్యాస్ పొయ్యి, చేతికి అందే ఎత్తులో చెక్క మీద నల్లటి సౌండు బాక్సు. చాయ్ బాగానే ఉంటుంది, కానీ జనం అక్కడ కదలకుండా కూర్చునేది పాటల కోసం. సామేలుకు పాటల పిచ్చి. సినిమా పాట, పల్లెపాట, బరాత్‌లో డీజే వాళ్లు పెట్టే పాట, దర్గా దగ్గరి కవ్వాలీ, చర్చి పాట, ఏదైనా సరే, ఏడాది పొడుగునా వింటాడు. క్రిస్మస్ పండుగ అయిన మర్నాటి నుంచి డిసెంబరు ఆఖరి దాకా, పొద్దుగూకే వేళ, ఆ ఏడాది వచ్చిన పాటల్లో తనకు నచ్చినవి ఒక్కొక్కటే పెడతాడు. కింది నుంచి పైకి పోతాడు. ఆఖరి సాయంత్రం వచ్చేది ఆ ఏడాదికి మొదటి పాట.

పాట పెట్టే ముందు పొయ్యి మంట తగ్గిస్తాడు. భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకుని రేడియో మనిషిలా నిలబడతాడు. ఈ పాట ఎందుకు నచ్చిందో చెప్తాడు. ఒక ఏడాది మక్కచేనులో మంచె మీది నుంచి బావను ఎగతాళి చేసే పిల్ల పాటకు మొదటి జాగ ఇచ్చాడు. ఇంకో ఏడాది దుబాయ్‌లో ఉన్న మొగుడికి భార్య వీడియో కాల్‌లో పాడే పాట మొదటిదైంది. ఆ సాయంత్రం బీడీల చేటలు చంకన పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు మాట్లాడకుండా ఇంటికి పోయి తలుపేసుకున్నారు. పక్కనే మిషిను కుట్టే దర్జీ జలాలుద్దీన్‌కు ఏ ఏడాదీ సామేలు ఎంపిక నచ్చదు. "గా పాట మూడో జాగల ఎట్లుంటది సామేలన్నా? నీకు చెవులున్నయా, చెంబులున్నయా?" అని కొట్లాడతాడు. కొట్లాడి, మళ్లీ మర్నాడు అందరికంటే ముందు వచ్చి కూర్చుంటాడు.

ఏడాది పాటల ఈ అలవాటు కోరుట్లలో పుట్టలేదు. సిరిసిల్లలో పుట్టింది.

సామేలు కోనరావుపేట దిక్కు మనిషి. తండ్రి డప్పు కొట్టేవాడు. గుంటెడు భూమి కూడా లేని ఇల్లు. మీసం రాకముందే సామేలు సిరిసిల్ల చేరి సాంచాల మీద పనికి కుదిరాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఒక్క సాంచ నడిస్తేనే పక్క ఇంటి వాళ్లకు నిద్ర పట్టదు, అట్లాంటివి ఒక్క రేకుల కొట్టంలో వరుసలుగా నడుస్తుంటే నెత్తి మీద వడగళ్లు ఆగకుండా పడుతున్నట్టు ఉంటుంది. అక్కడ మాట అనేది పనికిరాదు. పనివాళ్లు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. నీళ్లు కావాలన్నా, దారం తెగిందన్నా, కొట్టం ఆసామి వస్తున్నాడన్నా ఈ చివర నుంచి ఆ చివరకు పెదవులూ వేళ్లే. ఆరు నెలలు పనిచేసినవాడు వీధికి అవతలి పక్కన ఇద్దరు ఏం గుసగుసలాడుకుంటున్నారో కూడా చెప్పగలడు.

ఆ కొట్టంలో సామేలు పక్క సాంచాలు మొగిలివి. మొగిలి దగ్గర బ్యాటరీతో నడిచే టేపురికార్డరు ఉండేది. సాంచాలు నడిచినంతసేపూ అది ఉత్త డబ్బా. కరెంటు పోగానే సాంచాలన్నీ ఒక్కసారి ఆగేవి, చెవులు బుయ్యిమనేవి, ఆ నిశ్శబ్దంలో మొగిలి మీట నొక్కేవాడు. ఆ పాటంత తీపి పాట బయట ఇంకెక్కడా దొరకదని ఇద్దరూ అనేవాళ్లు. కరెంటు పోతే కూలీ పోతుంది, అయినా వాళ్లు కరెంటు పోవాలని చూసేవాళ్లు. ఏడాది చివర ఇద్దరూ కూర్చుని తేల్చుకునేవాళ్లు. కరెంటు వచ్చినా ఏ పాటను ఆపబుద్ధి కాలేదో అదే ఆ ఏడాది మొదటి పాట.

రాజక్క ఆ కొట్టానికి వచ్చింది అప్పుడే. పుట్టిల్లు కోరుట్ల. సిరిసిల్లలో అక్క ఇంట్లో ఉండి, కొట్టం తలుపు దగ్గర కూర్చుని కండెలకు దారం చుట్టేది. సిగ్గరి పిల్ల. నలుగురిలో నోరు విప్పేది కాదు, కానీ సాంచాలు నడుస్తుంటే గొంతెత్తి పాడేది. ఎవరికీ వినబడదు కదా అని ఆమె ధైర్యం. ఆ మోతలో పెదవులు చదివేవాళ్లు ఉంటారని ఆమెకు తోచలేదు. ఒకనాడు పాట మధ్యలో కరెంటు పోయింది. కొట్టమంతా ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోయింది, ఆమె గొంతు ఒక్కటే నడిమధ్యలో నిలబడిపోయింది. రాజక్క చప్పున నోరు మూసుకుంది. అప్పుడు ఆ చివర నుంచి సామేలు, ఆమె వదిలేసిన చరణాన్ని అందుకుని పూర్తి చేశాడు. కొట్టం కొట్టమంతా గొల్లుమంది. ఆ ఏడాది చివర మొదటి పాట ఏదని మొగిలి అడిగితే సామేలు అదే చెప్పాడు.

"టేపుల లేని పాటకు మొదటి నంబర్ ఏందిరా?" అన్నాడు మొగిలి.

"టేపుల లేకపోతె ఏంది, నా చెవుల ఉన్నది" అన్నాడు సామేలు.

పెళ్లయింది. ప్రవళిక పుట్టింది. తరువాత సిరిసిల్లలో పని తగ్గింది, వారంలో సగం రోజులు సాంచాలు ఆగే ఉండేవి. కరెంటు ఉంది, పని లేదు. అప్పుడు ఇద్దరూ రాజక్క పుట్టింటి ఊరు కోరుట్ల వచ్చారు. ఆయన చాయ్ పెట్టాడు, ఆమె బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. సాంచాలు పోయినా ఏడాది పాటలు పోలేదు.

పోయిన డిసెంబరులో ఏమైందంటే, చర్చి ఆడవాళ్లు ఒక క్రిస్మస్ పాట కట్టారు. నెలలు నిండిన మరియమ్మ ఎండలో దారి పట్టి పోతుంటే, ఒక పేదరాలు గడపలో నిలబడి పిలిచి నీళ్లు ఇచ్చిన పాట. మాటలు పాస్టరమ్మవి. రాగం మాత్రం రాజక్క వాళ్లమ్మ నాటు వేసేటప్పుడు తీసిన రాగం. అందుకని చరణాలు రాజక్కనే పాడమన్నారు. జగిత్యాలలో నర్సింగు చదివే ప్రవళిక సెలవుకు వచ్చి ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టింది.

గడప గడపకు ఆగినావ మరియమ్మా,
గుక్కెడు నీళ్లన్న తాగినావ మరియమ్మా.

సందు సందంతా విన్నది. ఇంటి ముందు బోళ్లు తోముతూ పాడుకున్నది. జలాలుద్దీన్ కూడా మిషిను తొక్కుతూ ఆ రాగం తీస్తూ దొరికిపోయాడు. రాజక్క ఆ ఫోను తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. సామేలు చెవికి ఆనించుకుని చివరిదాకా ఉన్నాడు. నవ్వాడు, తల ఊపాడు. ఫోను తిరిగి ఇచ్చి ఏమీ అనలేదు. మర్నాడు తెల్లంగి వేసుకుని, సంచిలో జామకాయలు పోసుకుని సిరిసిల్ల బస్సెక్కాడు. అప్పటికి ఆయన సిరిసిల్ల పోవడం ఎక్కువైందని సందులో అనుకుంటూనే ఉన్నారు.

డిసెంబరు చివరి వారం వచ్చింది. ఈసారి సామేలు పెట్టిన పాటలు జనానికి వింతగా అనిపించాయి. అన్నీ పాత పాటలే. కొత్త పిల్లలు కొత్త డప్పులతో మళ్లీ పాడినవి, కాబట్టి ఈ ఏడాది పాటలే అనవచ్చు. కానీ రాగాలు అందరికీ చిన్ననాటి నుంచి తెలిసినవే.

"ఏందన్నా, మమ్ముల ముసలోళ్లను చేత్తానవా?" అన్నాడు జలాలుద్దీన్.

సామేలు సౌండు బాక్సు మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు, పలకలేదు. ఈ మధ్య ఆయన తీరే అంత. మాట్లాడితే గట్టిగా మాట్లాడతాడు, లేకపోతే అసలు మాట్లాడడు. నాలుగు పైసలు కళ్లజూడగానే గొంతు లేచిందని సందులో ఎకసెక్కం. చాయ్ కావాలంటే వేళ్లు చూపిస్తే చాలు, అన్ని గ్లాసులు వచ్చేవి.

ఆఖరి సాయంత్రం రాజక్క పెట్టెలో నుంచి పండుగ చీర తీసి కట్టుకుంది. ఇన్నేళ్లలో ఏడాది పాటలకు ఆమె ఎప్పుడూ హోటల్ దాకా పోలేదు, ఇంటి నుంచే వినేది. ఆ రోజు పోయి సాయవ్వ పక్కన బల్ల మీద కూర్చుంది. సాయవ్వ ఆ సందుకు పెద్దమనిషి. ఎవరింట్లో ఏం ఉడుకుతుందో వాసన చూడకుండానే చెప్తుంది.

"వదినె చీర కట్టుకొని అచ్చింది సామేలన్నా! ఇగ పెట్టు. మాకు తెల్వదా ఏం పాటనో" అన్నాడు జలాలుద్దీన్ ఎదురుగా నిలబడి.

సామేలు రాజక్కను చూశాడు. రెండో పాట పెట్టాడు. అది అయ్యాక తువ్వాలతో చేతులు తుడుచుకుని పెద్ద గొంతుతో చెప్పాడు.

"ఈ ఏడు మొదటి పాట లేదు. జాగ ఖాళీ."

బాక్సు బంద్ చేసి, పొయ్యి మంట పెంచి, పాలు కలపడం మొదలుపెట్టాడు. రాజక్క లేచి, కొంగు సర్దుకుని, ఇంటికి నడిచింది. వెనుక నుంచి సాయవ్వ "ఓ రాజక్కా, ఆగే" అన్నా ఆగలేదు.

అందరూ నిలబడి వింటుండగా కట్టుకున్న మొగుడు భార్య పాటను పక్కన పెట్టాడు. బాగా లేదంటే బాగా లేదని చెప్పవచ్చు. ఆఖరి జాగలో పెట్టవచ్చు. జాగ ఖాళీ పెట్టి మరీ ఆమె పాటను వద్దన్నాడంటే, ఆ జాగ ఎవరి కోసం? ఆకుపచ్చ గేటు మర్నాడే లేచింది. పొట్టి మనిషీ మంచి రంగూ దాని వెంటే వచ్చాయి.

రాజక్కకు ఆ గేటు మాట చెవిన పడేసరికి జనవరి చలి ముదిరింది. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆయన నోటితో చెప్పాలి. పాట నచ్చలేదా, పాడిన మనిషే నచ్చడం లేదా? ఆయన ఏదో ఒకటి చెప్తే, ఎంత చేదుదైనా మింగి బీడీల చేట ముందేసుకునేది.

అడిగింది. ఒళ్లో చేట, చేటలో తూనికాకు, తంబాకు. వేళ్లు ఆడుతున్నాయి, చూపు ఆకు మీదే ఉంది. బీడీలు చుట్టే మనిషి తలెత్తితే చుట్ట వదులైపోతుంది. ఆ తల అట్లాగే వంచుకుని అడిగింది. "నా పాట గంత పాడుగున్నదా?" సామేలు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జవాబు లేదు. కాసేపయ్యాక పొయ్యి దగ్గర వీపు తిప్పి నిలబడి మళ్లీ అడిగింది. "ఎవలకు పెట్టినవ్ గా జాగ?" దానికీ జవాబు లేదు. తిరిగి చూస్తే ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మర్నాడు సాయవ్వ వచ్చి చేట పక్కనే చతికిలబడింది.

"అడిగినవా?"

"అడిగిన అవ్వా. ఉలుకు లేదు, పలుకు లేదు. గోడతోని మాట్లాడినట్టున్నది."

"మొగోడు పలుకుతలేడంటె లోపల ఏదో దాసినట్టే. సిరిసిల్లల ఏం పనటనే ఆయనకు?"

"మొగిలన్నను కలిసత్త అంటడు."

"గన్నిసార్లా? గా మొగిలికి మీసాలున్నయా, మెడల పుస్తెలున్నయా? పోయి సూసి రారాదు?"

రాజక్క నవ్వాపుకోలేక నవ్వింది, వెంటనే కళ్లు తుడుచుకుంది. అప్పుడే జగిత్యాల నుంచి ప్రవళిక ఫోను. హాస్టల్ పిల్లలంతా పాట మెచ్చుకున్నారట. మొదటి జాగ బాపు ఎవరికి ఇచ్చాడో చెప్పమని అడిగింది.

"మీ బాపునే అడుగు."

"బాపు ఫోనెత్తితె గదనే! మెసేజ్ పెడితె వెంటనే జవాబిత్తడు. ఫోన్ జేత్తె మాత్రం ఎత్తడు. ఎప్పుడో ఎత్తినా, 'మీ అమ్మకిత్తాన' అంటడు. ఏమన్న అలిగిండా అమ్మా నా మీద?"

బిడ్డకు కూడా పలకడం లేదా అని రాజక్క అనుకుంది. సాయవ్వ మాత్రం చెవి ఫోను వైపే పెట్టి అంతా విన్నది. "సంటిబిడ్డల తీరు ఇద్దరు ఎదురుసూసుడేంది? రేపు ఆయన బస్సెక్కంగనే ఎన్కబస్సుకు నువ్వెక్కు" అని తీర్పు చెప్పింది.

ఎక్కింది. వేములవాడలో బస్సు మారాలి. సిరిసిల్ల బస్సు ఆగీ ఆగకముందే ఒకామె కిటికీలో నుంచి దస్తీ రుమాలు విసిరి సీటు పట్టింది. లోపలికి వచ్చినవాళ్లు ఆ దస్తీని చూసి తిట్టుకుంటూ నిలబడ్డారే గానీ ఎవరూ దాని మీద కూర్చోలేదు. రాజక్క కడ్డీ పట్టుకుని నిలబడి కిటికీ బయటికి చూస్తూ పోయింది. ఇదే దారిలో, చంకలో ప్రవళికతో, మూటలతో, ఒక టేపురికార్డరుతో ఆమె సిరిసిల్ల విడిచి వచ్చింది. టేపు మొగిలిది. "నీకే ఉండనీ, నాకు గిప్పుడు కరెంటు పోదు" అని మొగిలి బస్సు కదిలేటప్పుడు కిటికీలో నుంచి సామేలు ఒళ్లో పెట్టాడు. సామేలు దాన్ని ఊళ్లు దాటేదాకా పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పసిపిల్లనేమో రాజక్క పట్టుకుంది. ఆ రోజు ఆమె అన్న మాట గుర్తొచ్చింది. "నీకు పాటలంటె పానం. నేనంటె?" ఆయన ఏమన్నాడో గుర్తు రాలేదు. ఏదో అన్నాడు. ఆ రోజుల్లో ఏది అడిగినా ఏదో ఒకటి అనేవాడు.

సిరిసిల్లలో దిగి సందులు తిరుగుతుంటే సాంచాల చప్పుడు వినబడింది. మునుపు ఊరంతా ఒక్క చప్పుడు. ఇప్పుడు అక్కడొక కొట్టం, ఇక్కడొక కొట్టం. మొగిలి ఇంటి గేటు తుప్పు పట్టి ఎర్రగా ఉంది. అంతకు ముందు ఏ రంగు వేశారో కూడా తెలియదు. మొగిలి కోడలు శైలజ బట్టలు ఆరేస్తూ ఆమెను చూసి తీగ వదిలేసి వచ్చింది.

"అత్తా! ఎన్నేండ్లకు! మామ ఇప్పుడే పొద్దుగాల అచ్చిండు, నువ్వు జతగ రావద్దా?"

"ఏడున్నడే మీ మామ?"

"ఇద్దరు కొట్టంలనే. మా మామ పాట సూపిత్తాండు, మీ ఆయన సూత్తాండు."

"పాట సూపిచ్చుడేందే?"

"ఏమో, నువ్వే పోయి సూడు. నాకైతె నవ్వత్తది. పోరలకు బువ్వ పెట్టేటప్పుడు మనం నోరు తెరిచి సూపిత్తం సూడు, గట్ల తెరుత్తడు. జామకాయలు తెచ్చిండని గిట్ల గంటలు గంటలు." శైలజ నవ్వింది. రాజక్క ముఖం చూసి నవ్వు ఆపుకుని, "లోపలికి పో అత్తా" అంది.

తలుపు తీయగానే ఆ మోత పాత చుట్టంలా వచ్చి మీద పడింది. నాలుగు సాంచాలు నడుస్తున్నాయి. వాటి మధ్య సామేలు ప్లాస్టిక్ స్టూలు మీద, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. మొగిలి ఎదురుగా నిలబడ్డాడు. మనిషి ముసలివాడయ్యాడు, మీసాలు గుబురుగా పెదవి మీదికి దిగాయి. ఆయన బనియను జేబులో ఫోను ఉంది, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తీగ. ఒక చెయ్యి సాంచ మీద ఉంచి, రెండో చేత్తో సామేలు మోకాలి మీద తాళం వేస్తూ, నోరు పెద్దగా తెరిచి ఒక్కో మాటా నములుతున్నట్టు అంటున్నాడు. మధ్యలో దారం తెగింది. మొగిలి పోయి ముడివేసి వచ్చి, విడిచిన చోటు నుంచే మళ్లీ అందుకున్నాడు. సామేలు ముందుకు వంగి, వేలితో మొగిలి మీసాన్ని పైకి ఎత్తిపట్టి చూస్తున్నాడు.

"ఏమయ్యా" అంది రాజక్క. ఆమె మాట ఆమెకే వినబడలేదు.

ఆమె కళ్లు మొగిలి పెదవుల మీదికి పోయాయి. ఎన్నేళ్లయినా ఆ చదువు మరిచిపోయేది కాదు. గుక్కెడు. నీళ్లన్న. తాగినావ. మొగిలి మళ్లీ మొదటికి పోయాడు. గడప గడపకు.

రాజక్క తలుపు పట్టుకుని అక్కడే ఉండిపోయింది. ఫోను చెవికి ఆనించుకుని ఆయన నవ్విన నవ్వు గుర్తొచ్చింది. పాట విని కాదు, ఎదురుగా నిలబడ్డ ఆమె ముఖం చూసి నవ్విన నవ్వు అది. సౌండు బాక్సు మీద ఆనించిన అరచెయ్యి డప్పు దెబ్బను పట్టుకోవడానికే. ఈ ఏడాది ఆయన పెట్టిన పాటలన్నీ ముందే తెలిసిన రాగాలు కావడమూ అందుకే. డప్పు దెబ్బ చేతికి అందితే చాలు, మిగతాది ఆయన లోపల ఎప్పటి నుంచో ఉంది. పెద్దదైన గొంతు, ఎత్తని ఫోను, వేళ్లతో అడిగే చాయ్‌లు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఇల్లంతా ఇద్దరిదే, ఇద్దరూ సాంచాల దగ్గరి మనుషులే. ముఖాలు చూసుకుని సైగలతో మాట్లాడుకోవడం వాళ్లకు ముద్ద తిన్నంత అలవాటు. అందుకే ఆయన చెవులు ఎప్పుడు పోయాయో పక్కనే పడుకునే ఆమెకు కూడా తెలియలేదు. ఇంకో ఇంట్లో అయితే వారంలో తెలిసిపోయేది. ఆమె అడిగిన రెండు మాటల్లో ఒకటి చేటలోకి పోయింది, ఒకటి పొయ్యిలోకి పోయింది. ఆయన దాకా ఏదీ చేరలేదు.

ముందు మొగిలి ఆమెను చూశాడు. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. తరువాత మెల్లగా చెవిలోని తీగ తీసి, దారమేదో తెగినట్టు అవతలి సాంచ దగ్గరికి పోయాడు. దారం ఏదీ తెగలేదు.

సామేలు వెనక్కి తిరిగాడు. రాజక్క చుట్టూ తిరిగి వచ్చి ఆయన ఎదుట, వెలుతురు తన ముఖం మీద పడేటట్టు నిలబడింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. ఒకప్పటి కండెల పిల్ల మాట్లాడినట్టు, గొంతు లేకుండా, ఒక్కొక్క మాటే పెదవులతో అడిగింది.

"నా పాట ఎందుకు పెట్టలే? గా జాగ ఎవలకు ఖాళీగ పెట్టినవ్?"

సామేలు ఆమె పెదవులు చదివాడు. తువ్వాల తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులకు తడి లేదు. తరువాత ఆయన కూడా గొంతు లేకుండానే చెప్పాడు.

"జాగ నీదేనే. బస్సుల దస్తి ఏసినట్టు పట్టిపెట్టిన. మాటలైతె మొగిలి నోట్ల దొరికినయి. నీ గొంతే దొరుకుతలేదు. ఇనని పాటను మంచిగున్నదని నలుగుట్ల ఎట్ల చెప్పుడే?"